చేతికి కుదిరిన కర్ర : గోల్ఫ్ ఆటలో పట్టర్ కథ

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మన సామెత. తన చేతగానితనమును పనిముట్టుపై నెట్టువారిని ఎగతాళి చేయుటకు ఇంతకంటె పదునైన మాట లేదు. అయినను మద్దెల నిజముగనే ఓడైన దినము ఒకటి ఉండవచ్చును గదా! ఆనాడు ఆడువాని మొర ఎవరు విందురు? పనిముట్టు మనిషికి కుదిరినచో పని నిజముగా బాగుపడునా, లేక బాగుపడినదని మనస్సు మురియుట మాత్రమేనా? గోల్ఫ్ ఆటగాండ్రు ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా వేసికొనుచున్నారు. వారి చేతిలోని పట్టర్ అను పొట్టి కర్రకు గల చరిత్ర చాలవరకు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది.

గోల్ఫ్ ఆటను దగ్గరగా చూడనివారి కొరకు ముందుగా కొన్ని మాటలు. విశాలమైన మైదానములో పదునెనిమిది గుంటలు వరుసగా ఉండును. ఒక్కొక్క గుంటలో బంతిని వీలైనంత తక్కువ దెబ్బలతో పడవేయవలెను. దూరపు దెబ్బలకు పొడుగు కర్రలు వేరుగ కలవు. బంతి గుంట సమీపమునకు చేరిన పిమ్మట, నున్నగా కత్తిరించిన పచ్చికపై దానిని మెల్లగా దొర్లించుటకు వాడు కర్రయే పట్టర్. ఆ పచ్చికను గ్రీన్ అనియు, ఆ దొర్లింపును పట్టింగ్ అనియు అందురు. గుంట వ్యాసము నాలుగుంబావు అంగుళములు. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమునకు చెందిన రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు ఈ కొలతను 1891లో స్థిరపరచెను. రెండు వందల యాబది గజములు ఎగిరిన దెబ్బయు లెక్కకు ఒకటియే. ఒక అడుగు దొర్లిన దెబ్బయు ఒకటియే. 72 దెబ్బలు ప్రమాణముగా గల మైదానములో గ్రీనుకు రెండేసి చొప్పున 36 దెబ్బలు పట్టరుకే కేటాయింపబడినవి. కాగితము మీది లెక్కలో సగము ఆట ఈ పొట్టి కర్రదే.

ఈ సంగతిని చక్కగా గ్రహించినవారిలో విల్లీ పార్క్ జూనియర్ ఒకడు. ఈతడు స్కాట్లండులోని మసెల్‌బరో వాసి. 1887, 1889 సంవత్సరములలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. కర్రలు తయారుచేయు ఇంట పుట్టినవాడు. పట్టింగు చక్కగా వచ్చినవాడు ఎవరికిని వెరవ నక్కరలేదని ఆయన నమ్మకము. కేవలము నమ్మి ఊరకుండక, మెడ వంచిన పట్టరును తయారుచేసి అమ్మకమునకు పెట్టెను. ఆ వంపు వలన కాడ కొంచెము ముందుకు వచ్చి, కర్ర ముఖము దానికి వెనుకగా నిలుచును. చేయిని కర్రకు అలవరచుటకు మారుగా కర్రనే చేతికి అనువుగా మలచవచ్చునను ఆలోచన అప్పటికే పొడసూపినదని దీనిని బట్టి తెలియుచున్నది.

ఆ ఆలోచనకు లోకమంతటి దృష్టిని తెచ్చినవాడు వాల్టర్ ట్రావిస్. ఆయన 1862లో ఆస్ట్రేలియాలోని మాల్డన్‌లో జన్మించి, యౌవనమున అమెరికాకు వలస వెళ్లెను. ముప్పదినాలుగేండ్లు దాటువరకు గోల్ఫ్ కర్ర పట్టినవాడు కాడు. అయినను 1900, 1901, 1903 సంవత్సరములలో అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచెను. బంతిని మిక్కిలి దూరము కొట్టు బలము ఆయనకు లేదు. గ్రీనుపై చూపు నేర్పే ఆయన ఆస్తి. 1904లో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీకై సముద్రము దాటి వచ్చి అభ్యాసము చేయుచుండగా సరిగా ఆ నేర్పే ఆయనను విడిచిపోయినది. ఎంత ప్రయత్నించినను బంతి గుంట వైపు పోలేదు. అప్పుడు ఒక మిత్రుని సలహాపై స్కెనెక్టడీ అను పట్టరును చేత బట్టెను.

న్యూయార్క్ రాష్ట్రములోని స్కెనెక్టడీ నగరమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన ఆర్థర్ నైట్ దీనిని రూపొందించి, 1903లో పేటెంటు పొందెను. దీని తల అల్యూమినియముతో చేసినది. నాటి పట్టరులలో కాడ తలకు ఒక కొసన అతికియుండెడిది. ఇందులో ఇంచుమించు నడుమనే అతుకబడినది. ఇంగ్లండులోని శాండ్విచ్ మైదానమున ట్రావిస్ ఈ కర్రతో ఒక్కొక్క ప్రత్యర్థిని దాటుచు పోయి, తుదిపోటీలో ఎడ్వర్డ్ బ్లాక్‌వెల్ అను దీర్ఘప్రహర్తను ఎదుర్కొనెను. దూరములో ఆయనకు సాటిరాకున్నను, మూడు గుంటలు మిగిలియుండగనే నాలుగు గుంటల ఆధిక్యముతో గెలిచెను. సముద్రము దాటి వచ్చినవాడు ఆ కప్పును గెలుచుట అదియే మొదటిసారి.

ఇది కర్ర గెలుపా, మనిషి గెలుపా? స్కెనెక్టడీ వెలువడక పూర్వమే 1900, 1901 లలో ఆయన గెలిచియున్నాడు గనుక, కర్రయే సర్వమును చేసినదనుటకు వీలు లేదు. అయితే అదే మనిషి, అవే చేతులు, కొద్ది దినముల ముందు గ్రీనుపై నిస్సహాయముగా నిలిచినవను మాటయు మరువరాదు. రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1910లో ఇట్టి సుత్తి తల కర్రలను నిషేధించెను. న్యూజీలండులోని ఒక క్లబ్బు పంపిన ప్రశ్నతో ఆ విచారణ మొదలైనది. అది ట్రావిస్‌పై కోపముతో చేసిన పనియేనని చెప్పుట తొందరపాటగును. అమెరికా సంఘము మాత్రము ఆ నిషేధమును అంగీకరింపలేదు. అందువలన నలుబదేండ్లపాటు ఒకే కర్ర అట్లాంటిక్ సముద్రమునకు ఈవలి యొడ్డున దోషము, ఆవలి యొడ్డున నిర్దోషము అయి నిలిచెను. ఇరు సంఘములు 1951లో ఏకాభిప్రాయమునకు వచ్చి, 1952 నుండి ఉమ్మడి నియమావళిని అమలుపరచిన పిదపనే ఆ చెర తొలగెను. ఈ సందర్భమున మాకు తోచునది ఒకటి కలదు. పనిముట్టు వలన ఒరుగునది ఏమియు లేదని నమ్మినవారు దానిని నిషేధించుటకు పూనుకొనరు.

రెండవ కథ బాబీ జోన్స్‌ది. ఈయన కథలో కర్ర క్రొత్తది కాదు, పాతది. 1923లో ఇరువది యొక్క యేండ్ల జోన్స్ పట్టింగు కుదురక బాధపడుచుండగా, నసావు కంట్రీ క్లబ్బులో శిక్షకుడైన జిమ్ మెయిడెన్ ఒక పాత పట్టరును ఆయన చేతికిచ్చెను. ఇనుప తల, హికరీ కొయ్య కాడ గల ఆ కర్రకు కెలామిటీ జేన్ అని పేరు. ఆ వేసవిలోనే ఇన్‌వుడ్‌లో జరిగిన యు. ఎస్. ఓపెన్ పోటీని జోన్స్ గెలిచెను. ఆయన గెలిచిన మహా విజయములలో అది మొదటిది. కొన్ని యేండ్లకు, తుడిచి తుడిచి మెరుగుపెట్టుటచే ఆ కర్ర ముఖము అరిగిపోయెను. అప్పుడు దాని కొలతలనే అనుసరించి మరియొక ప్రతిని చేయించుకొనెను. 1923 మొదలు 1930 వరకు ఆయన పొందిన 13 ఘనవిజయములలో మొదటి మూడును పాత కర్రవి. తక్కిన పదియు ప్రతివి. 1930లో ఒకే సంవత్సరమున నాలుగు ప్రధాన పోటీలను గెలిచినప్పుడు ఆయన చేత నున్నది ఈ రెండవ కర్రయే. మహిమ ఆ పాత కొయ్యలోనే ఉన్నదనుకొన్నచో ప్రతి పనిచేయరాదు. పనిచేసినది కావున, జోన్స్ దేహమునకు సరిపోయినది ఆ కొలత అని ఊహించుట సమంజసము.

మూడవవాడు కార్స్టన్ సోల్‌హైమ్. 1911లో నార్వే దేశపు బెర్గెన్‌లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరినవాడు. విచిత్రమేమన, ఈయనయు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరే. నలుబది రెండవ యేట గోల్ఫ్ ఆరంభించి, పట్టింగు కుదురక, తప్పు తనదా కర్రదా అని ఇంజనీరు వలె విచారించెను. బంతి కర్ర ముఖము నడుమ తగులక కొంచెము ప్రక్కకు తగిలినచో, తల మెలితిరిగి బంతి దారి తప్పును. తీగపై నడచువాడు పొడుగు గడను అడ్డముగ పట్టుకొనుట మన మెరిగినదే. బరువు రెండు కొసలకు పోయినకొలది వస్తువు సులభముగ తిరుగదు. సోల్‌హైమ్ ఈ సూత్రమునే పట్టరు తలకు వర్తింపజేసి, నడిమి లోహమును తీసి రెండు కొసల యందును ఉంచెను. 1959లో తన ఇంటి మోటారు షెడ్డులో చేసిన మొదటి కర్ర బంతికి తగిలినపుడు వెలువడిన ధ్వనిని బట్టి దానికి పింగ్ అని పేరు పెట్టెను. 1966లో ఆన్సర్ అను పట్టరు నమూనాను, చేతికందిన ఒక 78 వేగపు గ్రామఫోను రికార్డు తొడుగుపై గీసెనట. గ్రామఫోను రికార్డులతో పరిచయము గల మన శ్రోతలకు ఈ ముచ్చట ఇంపుగ నుండునని తలచెదము. 1969లో జార్జ్ ఆర్చర్ ఆ కర్రతో మాస్టర్స్ పోటీని గెలిచెను. నేడు దుకాణములలో కనబడు పట్టరులలో అనేకము దాని రూపమునకు వారసులే.

కర్రను దేహమునకు కుదుర్చు ప్రయత్నము ఒకానొకప్పుడు హద్దు దాటెననియు నియమకర్తలు తలచిరి. మహా ఆటగాడైన శామ్ స్నీడ్ వార్ధక్యమున చేయి వణకుటచే, బంతి దారికి ఇరువైపుల కాళ్లుంచి, కర్రను లోలకము వలె ఊపుచు ఆడెను. 1968 నుండి ఆ పద్ధతి నిషిద్ధమైనది. పొడుగు పట్టరు పిడిని దేహమునకు ఆనించి ఆడుటయు 2016 నుండి నిషిద్ధము. కర్ర కొలతను మార్చుకొను స్వేచ్ఛ మాత్రము ఆటగానికి నేటికిని కలదు.

ఇక నేటి సంగతి. దర్జీ కొలతలు తీసినట్లే పట్టరుకును కొలతలు తీయువారు ఇప్పుడు కలరు. సాధారణముగా అమ్ముడగు పట్టరు పొడుగు 33 మొదలు 35 అంగుళముల వరకు ఉండును. మిక్కిలి పొడుగైనచో ఆటగాని కన్నులు బంతి దారికి లోపలగా పడి, దారి వేరుగ తోచును. తల నేలపై సమముగ ఆనవలెను. ఒక కొస లేచినచో ముఖము ప్రక్కకు వాలును. ముఖమునకు మూడు నాలుగు డిగ్రీల వెనుక వాలు ఉండుట వాడుక. బంతి పచ్చికలో కొంచెము దిగియుండుటచే దానిని ముందుగ మీదికి తీయుట కది అవసరము. అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష మరియొకటి కలదు. కర్ర ముఖమునకు చిన్న అద్దము తగిలించి, దానిపై లేసర్ కిరణమును ప్రసరింపజేయుదురు. ఆటగాడు గుంటకే గురిపెట్టితినని ప్రమాణము చేయును. వెనుకకు మరలిన కిరణము మరియొక చోటును చూపును. తల ఆకారము, దానిపై గీత, మెడ వంపు మార్చి చూచినచో కొందరి గురి సరిపడును.

ఇంత సూక్ష్మము అవసరమా అని అడుగవచ్చును. లెక్క వేసి చూతము. పది అడుగుల దూరమున ఒక డిగ్రీ వంకర రెండు అంగుళముల పైచిలుకు తప్పునకు దారితీయును. గుంట నడిమి నుండి అంచు వరకు గల దూరమును సుమారంతే. ఒక డిగ్రీ తప్పినచో బంతి అంచున తడబడును. రెండు డిగ్రీలు తప్పినచో గుంటను చూడనే చూడదు. కంటికి కనబడని వంకరయే గెలుపోటములను నిర్ణయించుచున్నది.

కాని ఈ కొలతలు ఇచ్చునది గురి మాత్రమే. నేల వాలును చదువుటయు, ఎంత బలముతో దొర్లింపవలెనో తెలియుటయు అభ్యాసము వలననే వచ్చును. కొలంబియా విశ్వవిద్యాలయాచార్యుడు మార్క్ బ్రోడీ అమెరికా వృత్తి ఆటగాండ్ర దెబ్బలను లెక్కించి చూచెను. తమ దేహమునకు సరిపడు కర్రలను కోరినట్లు పొందగల వారే ఎనిమిదడుగుల నుండి నూటికి యాబది మాత్రమే గుంటలో వేయుచున్నారు. ఇరువది అడుగుల నుండి నూటికి పదునైదు. వేరొక చిక్కును గలదు. కుదురని కర్రతో ఏండ్ల తరబడి ఆడిన చేయి ఆ దోషమునకు తగిన ఎదురు దోషమును నేర్చుకొనియుండును. సరియైన కర్ర వచ్చిన తొలి దినములలో ఆట చెడుట అందువలననే. అటులనే క్రొత్త కర్ర తెచ్చు ఉత్సాహము కొలది దినములు ఆటను మెరుగుపరచినట్లు భ్రమింపజేయును. నిజము తెలియగోరువాడు పాత కర్రతోను క్రొత్త కర్రతోను ఒకే దూరము నుండి సమానమైన దెబ్బలు, పలు దినములలో ఆడి, పడినవానిని లెక్క వ్రాసికొనుట మేలు.

ప్రసంగశాలలో మాకు నిత్యానుభవమైన విషయమొకటి ఇక్కడ స్ఫురించుచున్నది. ప్రసంగించువారు కూర్చుండగనే మేము మైకును వారి ఎత్తునకు, వారి నోటికి తగిన దూరమునకు సరిచేయుదుము. దానిచే వారి పాండిత్యము పెరుగదు. సరిచేయనిచో మాత్రము ఎంతటి పండితుని మాటయు గాలిపాలగును. పట్టరు కొలతయు ఇట్టిదే. లేని నేర్పును అది కల్పింపలేదు. ఉన్న నేర్పునకు అడ్డు తగులకుండ తొలగగలదు. ట్రావిస్‌కు శాండ్విచ్‌లో జరిగిన మేలు ఈ పాటిదే, ఇంత గొప్పదే. కావున ఓడినవాడు మద్దెల మీద నెపము వేసినప్పుడు నవ్వుటకు ముందు ఒకమారు మద్దెలను తట్టి చూచుట న్యాయము. అది ఓడు కాదని తేలిన పిమ్మట, సాధన చేయుట వాని వంతు.