ఎవరు పెట్టిన పేరు?

మంగఫ్‌లో మేముండే బిల్డింగ్ కింద ఒక బకాలా ఉంది. అందులో పనిచేసే కుర్రాణ్ణి చాలాకాలం నేపాలీ అనుకున్నాను. 2022లో ఒకరోజు పాల డబ్బులిస్తూ, "నేపాల్లో ఏ ఊరు?" అని హిందీలో అడిగాను. "ఇండియాయే భయ్యా. మణిపూర్, చురాచాంద్‌పూర్" అన్నాడు. ఇంట్లో మాట్లాడేది పైతే భాషట. ఆ పేరు వినడం అదే మొదలు. సిగ్గేసి, ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

పైతే, థాడౌ, హ్మార్, మిజో, బర్మా వైపు హఖా, ఫలామ్, తెదిమ్... ఇలా 50 దాకా భాషలను కలిపి కుకీ-చిన్ శాఖ అంటారు. టిబెటో-బర్మన్ కుటుంబం. గొంతు ఎత్తి పలికితే ఒక అర్థం, దించితే ఇంకొకటి. క్రియకు రెండేసి రూపాలు: మిజోలో 'చూడు' అన్నది వాక్యంలో చోటును బట్టి ఒకచోట 'హ్ము', ఇంకోచోట 'హ్ముహ్'.

గ్రియర్సన్ భాషా సర్వేలో వీటి సంపుటం 1904లో వచ్చింది. తయారుచేసింది నార్వే పండితుడు స్టెన్ కోనో. 1906లో మన తెలుగున్న సంపుటమూ ఆయన చేతిదే! కుకీ-చిన్ అనేది వాడుక కోసం పెట్టుకున్న పేరేననీ, ఈ తెగలన్నిటికీ ఉమ్మడి పేరు లేదనీ ఆయనే ఒప్పుకున్నాడు. కుకీ బెంగాల్ వైపువాళ్ళ మాట, చిన్ బర్మావాళ్ళ మాట. మా కంప్యూటర్ లెక్కలో చెప్పాలంటే, ట్రీలో ఆకులకు సొంత పేర్లున్నాయి, పై నోడ్‌కు మాత్రం ఊరివాళ్ళు పెట్టిన పేరు.

లుషాయ్ కొండల జిల్లా 1954లో మిజో జిల్లా అయింది. మణిపూర్‌లో పేరు తగువు తెగలేదు. పైతేల్లో చాలామంది కుకీ అనిపించుకోరు. 2023 మే 3న మెయితీలతో ఘర్షణలు మొదలయ్యాక 'కుకీ-జో' అన్న జంటపేరు పత్రికలకెక్కింది. అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. వాట్సాప్ కలవక కుర్రాడు కౌంటర్ వెనక ఫోన్ చూస్తూ కూర్చునేవాడు. బేరం చేయబుద్ధి కాలేదు నాకు.

మనకూ ఇది కొత్తేం కాదు. బర్మాలో మనవాళ్ళు 'కోరంగీలు'. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. శ్రీకాకుళంవాడైనా కోరంగీయే. 1942లో జపాన్ సేనలు వచ్చిపడుతుంటే బర్మా వదిలి నడిచొచ్చిన లక్షలాది భారతీయుల్లో వాళ్ళూ ఉన్నారు. ఆ దారుల్లో ఒకటి తము మీదుగా, కుకీ ఊళ్ళున్న కొండల్లోంచే ఇంఫాల్‌కు.

ఈమధ్య ఇదంతా చెబితే కుర్రాడు నవ్వి, అరువు పుస్తకం నా వైపు తిప్పి నా పద్దు చూపించాడు. 'మద్రాసీ, 3వ అంతస్తు' అని రాసుంది.