సొంత ఊళ్లో ముసాఫిర్లు

ఇంట్లో మరమ్మతులు పెట్టుకుని సొంత ఊళ్లోనే ఓ రాత్రి హోటల్లో దిగితే మనసు అదోలా ఉంటుంది. కిటికీలోంచి మన మొహల్లానే కనిపిస్తుంటుంది, మనమేమో ముసాఫిర్లం. చీరాల, పేరాల జనం ఇలా 11 నెలలున్నారు. హోటల్లో కాదు, పాకల్లో.

అప్పట్లో అవి గుంటూరు జిల్లా ఊళ్లు. అరబ్బు దేశాలకు తేలియా రుమాళ్లు నేసి పంపిన గడ్డ. సర్కారు రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఏటా 4,000 రూపాయల పన్ను కాస్తా 40,000కి ఎగబాకింది. మగ్గం మీద బతికేవాడికి అది జుల్మ్ కాక మరేంటి? 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చారు. పన్ను ఎగ్గొట్టి జైలుకు పోవడమా, ఊరే ఖాళీ చెయ్యడమా, తేల్చుకోమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం రెండో దారి పట్టారు. సుమారు 15,000 మందిలో 13,000 పైచిలుకు ఇళ్లు వదిలేసి, మునిసిపల్ హద్దు అవతల రామనగర్ కట్టుకున్నారు.

అంతకు ముందు ఏడాదే, ఖిలాఫత్ జోష్‌లో, వేలమంది ముసల్మానులు కాబూల్ వైపు హిజ్రత్ చేశారు. ఎందరో అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చారు. చీరాల వాళ్లది మరో రకం హిజ్రత్: వతన్ కూతవేటు దూరంలోనే ఉంటుంది, వెళ్లకూడదు. నన్నడిగితే దీనికే సబర్ ఎక్కువ కావాలి.

ఎండా వానా పాకల్లోనే గడిచాయి. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. చందాలు అడుగంటాయి. చివరికి 1922లో జనం తమ ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ మాత్రం కదల్లేదు.