ఉప్పునీరు - ఇనుపకీలు



ఆదవని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో ముప్పదియైదేండ్లు పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. ఉప్పునీటిలో లోహము ఎంతకాలము నిలుచునన్నది నేటి నా ప్రసంగ విషయము. ఇరుప్రక్కల సముద్రములకును ఇంచుమించు నూరు క్రోసుల దూరమున నున్న మనకు ఉప్పునీటి ప్రసక్తి యేల యని మీరనవచ్చును. దానికి సమాధానము మా యూరి ముగ్గురు కుర్రవాండ్ర కథలో నున్నది.

నిరుటి వేసవిలో వారు ముగ్గురును గూడి, వడ్డీకి సొమ్ము తెచ్చి, భూమిలోని లోహమును కనిపెట్టు యంత్రము నొకదానిని కొనిరి. దానిని మెటల్ డిటెక్టరందురు. పొడవైన కాడ, కాడ చివర చక్రము వంటి తీగచుట్ట, పైన చప్పుడు చేయు పెట్టె, ఇంతే దాని స్వరూపము. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లో అమెరికా దేశాధ్యక్షుడగు గార్‌ఫీల్డు శరీరములోని తుపాకిగుండును వెదకుటకు ఇట్టి సాధనమునే యుపయోగించెను. గుండు దొరకలేదు, అధ్యక్షుడు బ్రదుకలేదు. వెదకు సాధనము కూడ మోసపోవునని ఆనాడే లోకమునకు తెలిసినది.

మావాండ్రకు నిధి యాశ ఎందుకు పుట్టెనో చెప్పెదను. ఆదవని దుర్గము విజయనగర రాజులకు పెట్టనికోట. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిమ్మట అది విజాపుర సుల్తానుల వశమయ్యెను. వారి పక్షమున సిద్ది మసూద్‌ఖాను దీని నేలి, జుమ్మా మసీదును కట్టించెను. 1688లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకొనెను. 1786లో టిప్పుసుల్తాను ముట్టడించి గెలిచెను. 1800లో నిజాము దీనిని దత్తమండలములతో గూడ ఇంగ్లీషువారి కిచ్చివేసెను. ఇన్ని చేతులు మారిన కోట చుట్టును దాచిన బంగారపు కథలు పుట్టుట సహజము. ఓడినవాడు సొమ్ము పాతిపెట్టి పోయెనని ప్రతి తరము చెప్పుకొనును. గెలిచినవాడు మొదట వెదకినది ఆ సొమ్మునే యని యెవ్వరును తలపరు.

ఒకనాటి సాయంకాలము వారిలో చిన్నవాడు ఆ కాడను చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "అయ్యవారూ, ఇది యూడి రాదు, మడవ రాదు. సుత్తెతో కొట్టుదునా?" అని యడిగెను. వలదని చూచితిని. కాడ రెండు అల్యూమినియపు గొట్టములు. ఒకటి రెండవదానిలో దూరును. నడుమ ఉక్కు స్ప్రింగు గల చిన్న మీట రంధ్రములోనికి దూకి తాళము వలె పట్టుకొనును. ఆ మీట చుట్టును తెల్లని పొడి గడ్డకట్టి యుండెను. మీట ఎఱ్ఱని తుప్పుతో బిగిసిపోయెను. "ఎక్కడ త్రిప్పితిరి?" అంటిని. "చౌడుకుంటలో. రోజును ఆ నీటితోనే కడిగితిమి" అనెను.

అయ్యలారా, మన సముద్రము అదియే. మన ప్రాంతములో చౌడునేలలు మీరెఱిగినవే. వేసవిలో నేలపై తెల్లగా పొంగునది ఉప్పే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఆదవని బళ్ళారి జిల్లాలో నుండెను. ఆ జిల్లా యంతటను ఉప్పరులు ఈ చౌడుమట్టి నుండియే ఉప్పు తీయుచుండిరి. మట్టిని దిబ్బలపై గుంటలలో పోసి నీరు పట్టి, అడుగున దిగిన ఉప్పునీటిని గచ్చుమడులలో నెండబెట్టుట వారి పద్ధతి. ఉప్పుపన్నుకు నష్టము వచ్చుచున్నదని ఇంగ్లీషు ప్రభుత్వము 1880 తరువాత ఆ వృత్తిని అణచివేసెను. వృత్తి పోయినది గాని నేలలోని ఉప్పు పోలేదు.

సముద్రపు నీటిలో వెయ్యి పాళ్ళకు ఇంచుమించు ముప్పదియైదు పాళ్ళు ఉప్పుండును. చౌడుకుంటలో వానకాలమున తక్కువ. ఎండలకు నీరింకిన కొలది ఎక్కువ. ఇనుము త్రుప్పు పట్టుటకు నీరును గాలియు చాలును. ఉప్పు చేరినప్పుడు ఆ నీరు విద్యుత్తును సులభముగా పోనిచ్చును. లోహముపై నేర్పడు కాపుపొరను కూడ ఛేదించును. రెండు వేర్వేరు లోహములు తగిలి అట్టి నీటిలో నున్నచో వాని నడుమ సన్నని విద్యుత్తు పారి, ఒకటి రెండవదానికి ఆహారమగును.

ఇది పుస్తకములలో పుట్టిన మాట గాదు. 1761లో ఇంగ్లీషువారు 'అలారం' అను యుద్ధనౌక అడుగునకు, పురుగు కొయ్యను తొలువకుండ, రాగిరేకు తొడిగిరి. రేకును పట్టియుంచినవి ఇనుపమేకులు. రెండేండ్లకు తీసి చూడగా రాగి బాగుగనే యున్నది, మేకులు చివికిపోయినవి. విచిత్రమేమనగా, రేకును చుట్టి తెచ్చిన ముతక కాగితము చింపకుండ మిగిలిన చోటులందు మేకులు చెడలేదు. రెండు లోహములను వేరుచేసినది ఆ కాగితము. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు దీనినే తలక్రిందుచేసి, రాగిని కాపాడుటకు తుత్తునాగము, ఇనుము ముక్కలను రేకునకు తగిలించెను. ఆ ముక్కలు తాము కరిగి రాగిని కాచినవి. నేటికిని ఉక్కు ఓడల కడుపునకు తుత్తునాగపు దిమ్మలు కట్టుట ఈ నీతియే.

ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునారు శతాబ్దములుగా చెడలేదే యని కొందఱు పెద్దలడుగుదురు. ఆ ఇనుములో భాస్వరము హెచ్చు. అది పైని గట్టి పొరయై కాచుచున్నది. మఱియు నది ఉప్పునీటిలో నిలువక, ఎండగాలిలో నిలిచినది.

నా యజ్ఞానమును కూడ చెప్పవలెను. మా తండ్రిగారి తాటాకు పుస్తకములు ఇనుపపెట్టెలో నుండెడివి. తాళము ఇత్తడిది, కొంకి ఉక్కుది. పండుగ పండుగకు దానిని మా ఉప్పుబావి నీటితో కడిగి పసుపు పూయుచుంటిని. పైకి బంగారము వలె మెఱసెడిది. ఒకయేడు తాళపుచెవి తిరుగలేదు. పెట్టెను పగులగొట్టగా, లోని తాటాకులు కొన్ని తునుకలైనవి. ఇత్తడి నిలిచినది, ఉక్కు పోయినది, మా తండ్రి చేవ్రాలు పోయినది. భక్తితో కడిగితినే గాని కీలులో నిలిచిన నీటిని తుడువనైతిని.

కావున ఆ కుర్రవానితో, "గొట్టము మధ్యభాగము చెడలేదు చూడుము. చెడినది కీలు. నీరు చొచ్చి బయటికి రాలేని చోటనే లోహమునకు మరణము" అంటిని. మంచినీటిలో నానవేసి, నూనె పెట్టి, రెండు దినములు మెల్లగా కదపగా కాడ యూడినది. పనియైన వెంటనే విడదీసి, తీయనినీట కడిగి, ఆరబెట్టి, విడిగనే దాచవలెనని చెప్పితిని.

అంతటితో ముగియలేదు. "కుంటగట్టున పాడుపడిన మండపము క్రింద యంత్రము మ్రోగుచున్నది, మూడు రాత్రులు త్రవ్వితిమి" అని వాడు మెల్లగా బయటపెట్టెను. నా గుండె గుభేలుమన్నది. ఉదయమే పోయి చూచితిని. ఒక రాతికంబము ప్రక్కకు ఒఱగియుండెను. యంత్రమును ఆ గోతిపై నుంచగా మ్రోగెను, పదిగజముల దూరమున వట్టి చౌడుతడిపై నుంచగా అచ్చటను మ్రోగెను, మెట్టనేలపై మ్రోగలేదు. ఉప్పుతడి విద్యుత్తును పోనిచ్చును గనుక యంత్రము దానినే లోహమని భ్రమించినది. కాడను తినిన ఉప్పే వారిని గూడ త్రవ్వించినది. ముగ్గురును మాటలాడలేదు. వారి మీద అప్పు మాత్రము నిలిచినది.

1878 నాటి నిధిచట్టము ప్రకారము భూమిలో పదిరూపాయలకు మించిన దేది దొరకినను కలెక్టరుకు తెలుపవలెను. దాచినచో ఏడాది వరకు చెఱ. 2017 డిసెంబరులో మన తుగ్గలి మండలపు చెన్నంపల్లి కోటలో ప్రభుత్వపు అనుమతితోనే త్రవ్విరి. ఎముకలు, ఇటుకలు బయలుపడినవి గాని బంగారము రాలేదు.

మన నిజమైన నిధి యేదియో 2024 ఆగస్టు 10వ తేది రాత్రి తెలిసినది. తుంగభద్ర యానకట్ట ముప్పదిమూడు తలుపులలో పందొమ్మిదవదాని గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయెను. మన పొలములకు వచ్చు దిగువకాలువ నీరు ఆ జలాశయములోనిదే. వారము దినములలో ఇనుప పలకలను దింపి నీటిని నిలిపిరి. అంతలో ఎంతయో నీరు నదిపాలయ్యెను. తుప్పొక్కటే కారణమని నేననను. కాని తెగినది గొలుసు. గొలుసనగా కీళ్ళవరుసయే గదా. అది తీయనినీరై యుండియు డెబ్బదియేండ్ల వయసు మీదపడినది.

పెద్దలారా, మీ యూళ్ళలో చెరువుతూము తలుపులు, గుడితాళములు, బోరుగొట్టముల బిగింపులు ఉన్నవి. ఏడాదికొకమాఱు విప్పించి, తుడిపించి, నూనె పెట్టించుడు. కొత్తవి బిగించునప్పుడు రెండు లోహముల నడుమ రబ్బరుబిళ్ళ వేయించుడు. చౌడునేలపై యంత్రము మ్రోగినదని పలుగు పట్టు కుర్రవానిని మాత్రము పిలిచి కూర్చుండబెట్టి మాటలాడుడు.

మా మండపపు కంబమును ఊరివారందఱును గలిసి రాళ్ళు పేర్చి నిలిపిరి. మొదటి రాయి మోసినవాడు ఆ చిన్నవాడే.