దీర్ఘకాలిక హెపటైటిస్-బిలో రోగనిరోధక వ్యవస్థ మార్పులు

హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణాల్లో చేరి పెరుగుతుంది గానీ వాటిని తానుగా చంపదు. వైరస్ ఉన్న కణాలపై శరీరపు రక్షణ కణాలు చేసే దాడివల్లే కాలేయం చాలావరకు దెబ్బతింటుంది. దాడి పూర్తి బలంతో సాగితే కొన్ని నెలల్లో వైరస్ అదుపులోకి వస్తుంది. బలం చాలక ఏళ్ల తరబడి సాగితే దీర్ఘకాలిక వ్యాధి అవుతుంది. రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ ఆరు నెలలు దాటినా కనిపిస్తుంటే దాన్ని దీర్ఘకాలికమని నిర్ధారిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2022 నాటికి ఇలాంటివారు 25.4 కోట్ల మంది.

సోకిన వయసును బట్టి ఫలితం మారుతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకిన శిశువుల్లో దాదాపు 90 శాతం మందికి వైరస్ దీర్ఘకాలికంగా ఉండిపోతుంది. పెద్దల్లో 5 శాతం లోపే.

కాలేయం స్వభావమూ వైరస్‌కు కలిసివస్తుంది. పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చే ఆహారపు ప్రోటీన్లు, బాక్టీరియా శకలాలు నిత్యం కాలేయాన్ని తాకుతుంటాయి. ప్రతిదానికీ వాపు పుట్టకుండా అక్కడి కుప్ఫర్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతపరిచే పదార్థాలను విడుదల చేస్తాయి.

అన్నింటికన్నా కీలకమైన మార్పు టి-కణాల అలసట. వైరస్ కణాలకు వెయ్యి రెట్లకు మించి ఖాళీ ఉపరితల యాంటిజెన్ రేణువులు రక్తంలో తిరుగుతుంటాయి. యాంటిజెన్ ఎడతెగకుండా తగులుతుంటే సీడీ8 టి-కణాల శక్తి మెట్లుమెట్లుగా ఉడుగుతుంది. మొదట ఇంటర్‌ల్యూకిన్-2 తయారీ, విభజన సామర్థ్యం పోతాయి. ఆ తర్వాత ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. చివరికి ఇంటర్‌ఫెరాన్-గామా కూడా తగ్గి కణమే నశించవచ్చు. వాటి ఉపరితలంపై పీడీ-1 వంటి నిరోధక గ్రాహకాలు పేరుకుంటాయి. ఈ స్థితిని ఎలుకల్లో మరో వైరస్‌తో విశదపరిచినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన రఫీ అహ్మద్ ముఖ్యులు. పీడీ-1 మార్గాన్ని అడ్డుకుంటే అలసిన కణాలు కొంత కోలుకుంటాయని ఆయన బృందం 2006లో చూపింది. క్యాన్సర్ చికిత్సకూ ఈ అవగాహన ఎంతో తోడ్పడింది.

బి-కణాల తీరు విచిత్రం. వైరస్ కోర్ ప్రోటీన్‌పై యాంటీబాడీలు ధారాళంగా తయారవుతాయి. రక్షణనిచ్చే ఉపరితల యాంటీబాడీలు మాత్రం సాధారణంగా కనిపించవు. సహజ హంతక కణాలు ఇంటర్‌ఫెరాన్‌ను తక్కువగా స్రవిస్తూనే, కాలేయ కణాలతోపాటు వైరస్‌ను ఎదిరించే టి-కణాలనూ చంపగలవు.

నిద్రాణంగా ఉన్న ప్రతిస్పందన అప్పుడప్పుడు రాజుకుంటే రక్తంలో ఏఎల్‌టీ ఎంజైము ఒక్కసారిగా పెరుగుతుంది. ఇలా పదేపదే జరిగితే కాలేయంలో మచ్చకణజాలం పేరుకుని సిరోసిస్‌కు దారితీస్తుంది. అప్పుడు దెబ్బ కాలేయంతో ఆగదు: పేగుల బాక్టీరియా రక్తంలోకి జొరబడుతుంది, న్యూట్రోఫిల్స్ బలహీనపడతాయి, పొట్టలో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకుతుంది.

టెనోఫోవిర్, ఎంటెకావిర్ మందులు వైరస్ వృద్ధిని బాగా అణచివేస్తాయి. టి-కణాల శక్తి కొంతే తిరిగొస్తుంది. కాలేయ కణాల కేంద్రకంలో దాగిన వలయాకార వైరస్ డీఎన్ఏ అలాగే మిగులుతుంది. అందుకే ఎప్పుడో కోలుకున్నవారిలో కూడా రిటుక్సిమాబ్ వంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గించినప్పుడు వైరస్ మళ్లీ విజృంభించవచ్చు, ఒక్కోసారి ప్రాణాపాయం కలిగించవచ్చు. అలాంటి చికిత్స మొదలుపెట్టేముందు ఉపరితల యాంటిజెన్, కోర్ యాంటీబాడీ పరీక్షలు రెండూ తప్పక చేయించాలి.