తీరభోజనమూ, కౌకౌ డబ్బా

చుట్టూ పసిఫిక్ మహాసముద్రం. బల్లమీదికి వచ్చేది మాత్రం అమెరికా ప్రధాన భూభాగం నుంచి గడ్డకట్టించి తెప్పించిన చేప! హవాయి దీవుల్లోని పెద్ద హోటళ్ళ తీరు చాలాకాలం ఇలాగే ఉండేది. ఐరోపా పద్ధతి వంటే వంటగా చెలామణి అయ్యేది. 1991లో పన్నెండుమంది పాకనిపుణులు ఒకచోట కూడి దీనికి స్వస్తి చెప్పాలనుకున్నారు. రాయ్ యమగూచి, ఆలన్ వాంగ్, సామ్ చోయ్, పీటర్ మెర్రిమన్, బెవర్లీ గానన్ మొదలైనవారు వారిలో ఉన్నారు. స్థానిక రైతు పండించినదీ, స్థానిక జాలరి పట్టినదీ వండుదామన్నారు. దానికి 'హవాయి ప్రాంతీయ వంట' అని పేరు పెట్టారు. అంతకు మూడేళ్ళ ముందే, 1988లో, యమగూచి హొనొలులు శివార్లలో సముద్రానికి అభిముఖంగా తన భోజనశాల తెరిచి ఉన్నారు.

ఈ సంప్రదాయానికి చెందిన ఒక తీరభోజనశాలలో, మావీ దీవిలో, నేను ఒక సాయంత్రం భోంచేశాను. రుచి గురించి వర్ణించబోను. అది నాకు చేతకాదు. నన్ను పట్టుకున్నది పోకే అనే వంటకం. పచ్చి ట్యూనా చేప ముక్కలు, ఉప్పు, సముద్రపు నాచు, వేయించి దంచిన కుకుయి గింజల పొడి: ఇంతవరకూ అది హవాయి ఆదివాసులది. అందులో కలిసిన సోయా రసమూ, నువ్వుల నూనే తూర్పు ఆసియానుంచి వలసవచ్చినవారివి. ఒక్క గిన్నెలో రెండు చరిత్రలు.

ఆ రెండవ చరిత్ర చెరకుతోటలది. 1835లో కవాయి దీవిలోని కొలోవాలో మొదటి పెద్ద చెరకుతోట వెలిసింది. పనివాళ్ళుగా 1852లో చైనీయులు, 1868లో జపనీయులు, 1878లో పోర్చుగీసువారు, 1903లో కొరియన్లు, 1906లో ఫిలిపీనోలు వచ్చారు. (మనవాళ్ళు ఇటువంటి తోటలకే మారిషస్‌కూ, ఫిజీకీ వెళ్ళారు; హవాయి దారి మనది కాలేదు.) కూలీలు పొలానికి తీసుకెళ్ళే రెండంతస్తుల రేకు క్యారేజీని కౌకౌ డబ్బా అనేవారు. కౌకౌ అంటే తోటల సంకరభాషలో తిండి. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో కూర. మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని ఒకరి కూర ఒకరు పంచుకునేవారు. పాకనిపుణులు 1991లో పేరు పెట్టిన కలయిక అంతకు చాలా ముందే ఆ గట్లమీద జరిగిపోయిందని నా అభిప్రాయం. దానికి తెల్లగుడ్డ పరిచిన బల్లమీద గౌరవం తెచ్చిన ఘనత మాత్రం నిస్సందేహంగా ఆ పన్నెండుమందిదే.

ఇక మొదటి చరిత్ర. నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. ఉడికించిన చేమదుంపను రాతితో దంచి, నీళ్ళు కలిపి చేసే పొయి హవాయివారికి అన్నంతో సమానం. వారి పురాణంలో చేమ మొక్క మనిషికి అన్న. చనిపోయి పుట్టిన హాలోవా అనే శిశువును పాతిపెట్టినచోట మొలిచింది. రెండవసారి పుట్టి బతికిన తమ్ముడినుంచి మనుషులు. అటువంటి అన్నగారు నా పళ్ళెంలో ఒక మూల చెంచాడంత అలంకారంగా కనిపించాడు!

చేమకు పారే నీరు కావాలి. చెరకుకూ విపరీతంగా నీరు కావాలి. 1878లో పూర్తయిన హామాకువా కాలువ తూర్పు మావీ వాగుల నీటిని చెరకుతోటలకు మళ్ళించింది. తరువాత మరిన్ని కాలువలు వచ్చాయి. దిగువన చేమమడులు ఎండాయి. కూలీల వంటలను కలిపిన చెరకే ఆదివాసుల అన్నాన్ని పలచన చేసింది. భోజనశాల పట్టికలో ఈ సంగతి రాసి ఉండదు.

హవాయిలోని చివరి చెరకు మిల్లు మావీలోనే, 2016 డిసెంబరులో మూతపడింది. 2018లో రాష్ట్ర జలవనరుల సంఘం తూర్పు మావీలోని అనేక వాగులకు నీరు తిరిగి వదలాలని ఉత్తర్వు ఇచ్చింది. అందుకోసం ఏళ్ళ తరబడి పోరాడినవారు, అరకొర నీటితోనే చేమమడులు నిలుపుకొస్తూ వచ్చిన రైతులు.