రామ్‌నాథ్ గోయెంకా: ప్రభుత్వాలను ఎదిరించిన పత్రికాధిపతి

రామ్‌నాథ్ గోయెంకా (1904–1991) ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికల సంస్థ అధిపతి, తెలుగు దినపత్రిక ‘ఆంధ్రప్రభ’ వ్యవస్థాపకుడు. రాజ్యాంగ నిర్ణయ సభలో సభ్యుడిగా ఉన్న ఆయన అనంతర కాలంలో భారతీయ జనసంఘ్ పక్షాన లోక్‌సభకు ఎన్నికయ్యారు. అత్యవసర పరిస్థితి కాలంలో ప్రభుత్వ ఒత్తిళ్లను ఎదుర్కొన్న పత్రికా యజమానుల్లో అగ్రగణ్యుడిగా పేరొందారు. సొంత సంస్థలోని సంపాదకులు, కార్మికుల పట్ల ఆయన వైఖరి మాత్రం పలుమార్లు వివాదాస్పదమైంది.

మద్రాసులో ప్రస్థానం

బీహార్‌లోని దర్భంగాలో మార్వాడీ కుటుంబంలో జన్మించిన గోయెంకా 1920 దశకంలో వ్యాపార నిమిత్తం మద్రాసు చేరారు. పి. వరదరాజులు నాయుడు 1932లో అక్కడ ప్రారంభించిన ఇండియన్ ఎక్స్‌ప్రెస్, ఎస్. సదానంద్ చేతుల మీదుగా ఆ దశకం మధ్యలో గోయెంకా ఆధీనంలోకి వచ్చింది.

1938 ఆగస్టు 15న ఆయన మద్రాసు నుంచి ఆంధ్రప్రభను ప్రారంభించారు. ఖాసా సుబ్బారావు, న్యాపతి నారాయణమూర్తి తొలినాళ్లలో సంపాదకత్వం వహించారు. అనంతరం నార్ల వెంకటేశ్వరరావు సారథ్యంలో పత్రిక తెలుగునాట విశేష ఆదరణ పొందింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ వార్తలపై బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్షలు విధించినప్పుడు, వాటికి తలొగ్గడం కన్నా ప్రచురణ నిలిపివేయడమే మేలని గోయెంకా నిర్ణయించారు.

కార్మికులతో వివాదం

పాత్రికేయుల వేతనాలపై వేజ్ బోర్డు ఇచ్చిన నిర్ణయాన్ని ఎక్స్‌ప్రెస్ యాజమాన్యం సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 1958 మార్చిలో వెలువడిన తీర్పు వర్కింగ్ జర్నలిస్టుల చట్టాన్ని ప్రధానంగా సమర్థించినా, వేజ్ బోర్డు నిర్ణయాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది మద్రాసులో సమ్మె జరిగింది. ఆ పరిణామాల్లో ఆంధ్రప్రభ విజయవాడకు తరలింది. యాజమాన్యంతో విభేదించిన నార్ల సంస్థను వీడి, 1960లో విజయవాడ నుంచి వెలువడిన ఆంధ్రజ్యోతికి సంపాదకులయ్యారు. తెలుగు దినపత్రికల చరిత్రను మలుపు తిప్పిన ఘట్టాల్లో ఇది ఒకటి.

ఉక్కు వాటాలు, విదిశ గెలుపు

పత్రికలతో పాటు పరిశ్రమలపైనా గోయెంకా దృష్టి సారించారు. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్‌లలో ప్రభుత్వ రంగ కర్మాగారాలు వెలసిన ఆ కాలంలో, ప్రైవేటు రంగంలో టాటా సంస్థతో పాటు బెంగాల్‌లోని ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ (ఇస్కో) ప్రధానమైనది. 1960 దశకం చివర ఆ కంపెనీపై పట్టు కోసం గోయెంకా పెద్ద ఎత్తున వాటాలు సేకరించారు. అందుకు నిధులు సమకూర్చుకున్న తీరుపై సీబీఐ కేసు నమోదైంది. 1972లో కేంద్రం ఇస్కో నిర్వహణను స్వాధీనం చేసుకుంది. చివరకు ఆ సంస్థ కూడా భిలాయి మాదిరిగానే భారత ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్) గూటికి చేరింది.

1971 ఎన్నికల్లో ఆయన విదిశ నుంచి జనసంఘ్ అభ్యర్థిగా గెలుపొందారు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడక ముందు విదిశ, భిలాయి రెండూ మధ్యప్రదేశ్‌లోనివే. నానాజీ దేశ్‌ముఖ్ తదితరులతో సన్నిహితంగా మెలిగిన గోయెంకా, జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమానికి అండగా నిలిచారు.

అత్యవసర పరిస్థితి

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల ముద్రణాలయాలకు విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. జూన్ 28 నాటి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయ స్థలాన్ని ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. ఆ తర్వాత సంస్థ డైరెక్టర్ల బోర్డును కె.కె. బిర్లా అధ్యక్షతన పునర్వ్యవస్థీకరించారు. సంపాదకుడు ఎస్. ముల్గావ్‌కర్ వైదొలగవలసి వచ్చింది. ప్రకటనలు, బ్యాంకు రుణాలు, పన్ను బకాయిలు ఒత్తిడికి సాధనాలయ్యాయి. పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి వార్తా సంస్థలను 1976లో ‘సమాచార్’ పేరిట విలీనం చేయడం కూడా అదే కాలపు చర్య.

గుండెపోటుకు గురైనా గోయెంకా పత్రికను వదులుకోలేదు. ముల్గావ్‌కర్ తర్వాత సంపాదక బాధ్యతలు స్వీకరించిన వి.కె. నరసింహన్ ప్రభుత్వ ఆంక్షలను ధైర్యంగా ఎదుర్కొన్నారు. అయితే 1977లో ప్రభుత్వం మారగానే గోయెంకా ముల్గావ్‌కర్‌నే తిరిగి నియమించారు. దానితో నరసింహన్ సంస్థను వీడారు. గడ్డుకాలంలో పత్రికను నడిపిన సంపాదకుడికి దక్కిన ఈ ఫలితం నేటికీ పాత్రికేయ వర్గాల్లో చర్చనీయాంశమే.

చివరి దశాబ్దం

1981లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులేపై అరుణ్ శౌరీ రాసిన కథనాలు దేశవ్యాప్త సంచలనం సృష్టించాయి. శౌరీని గోయెంకా 1982లో తొలగించి, 1987లో తిరిగి పిలిచి, 1990లో మళ్లీ సాగనంపారు. ఢిల్లీ ఎక్స్‌ప్రెస్ భవనంపై 1980లో జారీ అయిన నోటీసులను సుప్రీంకోర్టు 1985 అక్టోబరులో కొట్టివేసింది. రిలయన్స్‌పై కథనాలు రాసిన ఎస్. గురుమూర్తి 1987 మార్చిలో అరెస్టయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 1న దేశంలోని పలు ఎక్స్‌ప్రెస్ కార్యాలయాలపై దాడులు జరిగాయి. అయినా బోఫోర్స్ వ్యవహారంపై పత్రిక వెనక్కి తగ్గలేదు.

వారసత్వం

1979లో ఏకైక కుమారుడు భగవాన్‌దాస్‌ను కోల్పోయిన గోయెంకా, 1991 అక్టోబరు 5న ముంబైలో కన్నుమూశారు. అనంతరం సంస్థ వారసుల మధ్య రెండుగా విడిపోయింది. ఉత్తరాది విభాగం వివేక్ గోయెంకాకు, ఆంధ్రప్రభతో కూడిన దక్షిణాది విభాగం మనోజ్ కుమార్ సొంథాలియాకు దక్కాయి. ఆంధ్రప్రభ తర్వాతి కాలంలో చేతులు మారింది.

నష్టాన్ని భరించగల యజమాని ఉంటే పత్రిక ఎంతటి ప్రభుత్వాన్నైనా ఎదుర్కొనగలదని గోయెంకా జీవితం నిరూపించింది. ఆ స్వేచ్ఛ యజమాని ఇష్టాయిష్టాలపైనే ఆధారపడినప్పుడు సంపాదకుడికి రక్షణ ఏమిటన్న ప్రశ్నను నార్ల, నరసింహన్, శౌరీల నిష్క్రమణలు మిగిల్చాయి.