గీత నుంచి కాంతి దాకా

కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠం నేటికీ ఒక గీతతోనే మొదలవుతుంది. రెండు బిందువులిచ్చి, వాటి మధ్య ఏ పిక్సెళ్లు వెలగాలో తేల్చమంటారు. ఈ లెక్కను 1962లో ఐబీఎం ఉద్యోగి జాక్ బ్రెసెన్‌హామ్, కాగితంమీద బొమ్మలు గీసే ప్లాటర్ యంత్రం కోసం సాధించారు. ప్రతి అడుగులో పక్కకు జరిగితే చాలా, ఒక మెట్టు పైకీ ఎక్కాలా అన్నది ఒక పూర్ణాంకం ధనమా, రుణమా చూసి తేల్చేయడమే ఆయన పద్ధతి. భాగహారంతో పనే లేదు. మరుసటి ఏడాదే ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ నిర్మించి, లైట్ పెన్నుతో గీసిన బొమ్మను తెరమీదే మార్చవచ్చని చూపారు.

ఆ విద్యకు గురుకులమైంది మాత్రం యూటా విశ్వవిద్యాలయం. డేవిడ్ ఎవాన్స్ 1965లో అక్కడ కంప్యూటర్ శాఖకు పునాది వేశారు. 1968లో సదర్లాండ్ వచ్చి చేరారు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా నిధులు అండగా నిలిచాయి. అక్కడి విద్యార్థుల థీసిస్‌లే నేటి సిలబస్‌లో అధ్యాయాలు. ఆన్రీ గూరో తన భార్య ముఖంమీద బహుభుజులు గీసి, కొలిచి, కంప్యూటర్‌కెక్కించారు. శీర్షాల దగ్గర లెక్కగట్టిన రంగును నడుమ సమంగా పరిచి, 1971 నాటికి పలకలు పలకలుగా కనిపించే ముఖాన్ని నునుపు చేశారు. అలా పరిస్తే మెరుపు మచ్చలు సరిగా రావు. వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫాంగ్ రంగుకు బదులు ఉపరితల లంబ దిశనే పరిచి, 1973లో ఆ లోటు తీర్చారు. రెండేళ్లకే, చిన్న వయసులోనే కన్నుమూశారు. 1974లో ఎడ్ క్యాట్‌మల్ తన థీసిస్‌లో జడ్-బఫర్‌ను వివరించారు: ప్రతి పిక్సెల్‌కూ అన్నిటికన్నా దగ్గరి ఉపరితలం దూరాన్ని గుర్తుంచుకుని, దాని వెనకున్నవాటిని వదిలేయడం. మెమరీ ఖరీదైన ఆ రోజుల్లో అది విలాసం. నేడు చేతిలోని ఫోన్ కూడా చేసే పని.

తర్వాత పాఠ్యపుస్తకాల కాలం వచ్చింది. 1973లో న్యూమన్, స్ప్రౌల్. 1982లో ఫోలీ, వాన్ డామ్. 1986లో హెర్న్, బేకర్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక తరమంతా టర్బో సీలో గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్ ఫంక్షన్‌ను పిలిచి, పుట్‌పిక్సెల్‌తో చుక్కచుక్కగా వృత్తాలు గీసింది. 1992లో ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చింది. షేడర్లతో గ్రాఫిక్స్ కార్డుకే ప్రోగ్రామ్ రాసే రోజులూ వచ్చాయి. గీత గీయడం హార్డ్‌వేరే చూసుకుంటుంది గనక బ్రెసెన్‌హామ్‌ను సిలబస్ నుంచి తీసేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఒక్కో పిక్సెల్‌కు ఎంత పని పడుతుందో అతి తక్కువ లెక్కలతో పిల్లలకు తెలిసేది అక్కడే. షేడర్ రాసేటప్పుడు లక్షల పిక్సెళ్లమీద వాళ్లు ఆదా చేయాల్సిందీ ఆ పనినే.